తీగలు లేచిన గిటారు

మా పొయ్యి మీద వెదురు బద్దల అటక ఒకటి ఉంది. మా అత్త కాలం నాటిది. విత్తనపు మొక్కజొన్న కంకులు, ఎండిన ఇప్పపూలు, సొర గింజలు, ఎండుచేపలు, ఏది దాచాలన్నా దాని మీదికే ఎక్కిస్తాం. కింద పొయ్యి మండుతుంటే పొగ పైకి పోయి వాటికి పడుతుంది. పొగ పట్టిన వస్తువును పురుగు తినదు, చెద తినదు, ముసురుకు బూజు పట్టదు. మా మామ డోలు కూడా వానాకాలమంతా అక్కడే ఉండేది. దించి నాలుగు దెబ్బలు వేస్తే ఊరవతలికి వినిపించేది.

ఆ తెలివితోనే నా మనవరాలి గిటారును అటక మీద పెట్టాను. తొమ్మిది రోజులు ఉంచాను. మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా కొడుకు, వాడి కూతురు. ఆ తొమ్మిది రోజుల పుణ్యాన మూడు రోజుల్లో ముగ్గురికీ రక్తం కారింది.

అది కరెంటు గిటారు. ఎర్ర రంగు. లోపల డొల్ల ఉండదు, నిండు చెక్క, ఎత్తితే రోకలి బరువు. స్పీకరు డబ్బాకు వైరు పెడితే తప్ప గట్టిగా మోగదు. పిల్ల ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు తోటి పిల్ల దగ్గర నేర్చుకుంది. చదువు అయ్యాక ఇంటికొచ్చి, పెళ్లిళ్లలో పాటలు పాడే ఆర్కెస్ట్రా ఒకటి పట్టుకుంది. దాన్ని నడిపే ఆయన్ను అందరూ మాస్టర్ అంటారు. గిటారు ఆయనదే.

"ఆదివారం కూసుమంచిల పెళ్లి ఉన్నది. దాంట్ల మంచిగ వాయిస్తే నువ్వు మా మనిషివి. లేకుంటే నా బామ్మర్ది ఉండనే ఉన్నడు" అని చెప్పి మరీ ఇచ్చాడు.

నా కొడుకుకు ఈ వ్యవహారం గిట్టదు. వాడు ట్రాక్టరు తోలతాడు. మిర్చి బస్తాలు దించే కోల్డ్ స్టోరేజీలో కూతురికి నంబర్లు రాసే పని మాట్లాడి పెట్టాడు. ట్రాక్టరు మీద తీసుకుపోయి, ట్రాక్టరు మీద తీసుకొస్తాడట. రోజంతా కళ్ల ముందే ఉంటుందట.

"ఆదివారం దాక సూస్త. ఆ మాస్టర్ వద్దన్నడా, సోమవారం నుంచి బస్తాల కాడికే" అన్నాడు.

పిల్లకు ఆదివారం అంటే అదీ.

పిల్ల తల్లి మా దగ్గర ఉండదు. నా కొడుకు చెయ్యి ఆగదు. మూడేళ్ల కింద పెదవి చీలిన రోజున పర్ణశాల దిక్కు పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోయింది. ఆ చెయ్యి ఎందుకు ఆగదో నన్ను అడిగితే చెప్పగలను. వాడి తండ్రి చెయ్యి ఆగేది కాదు. నాదీ ఆగేది కాదు. అన్నం మాడితే ఒకటి, మేక తప్పిపోతే రెండు, ఎదురు మాట్లాడితే లెక్కలేదు. దెబ్బ పడకుండా పెరిగిన మనిషిని మా ఇంట్లో చూడలేదు.

తల్లికి జ్వరమని పిల్ల అక్కడికి పోయింది. గోదారి పొంగి దారులు మునిగి, తొమ్మిది రోజులు అక్కడే చిక్కుకుంది. ఇక్కడ మాకూ అదే వాన. పైనుంచి ఎవరో కక్షగట్టి రాళ్లు రువ్వుతున్నట్టు పెంకుల మీద పడింది. గోడకు ఆనించిన కొత్త చీపురును చెద రెండు రోజుల్లో పొడి చేసింది. దాని పక్కనే గిటారు. పరాయి సొమ్ము, చెద పడితే ఎవరు జవాబు చెప్పుకుంటారు? తీసి అటక మీద కంకుల నడుమ పడుకోబెట్టాను. కింద పొద్దునా సాయంత్రం వంట, పశువులకు కుడితి కాచడం. సెగ బాగానే తగిలింది.

పిల్ల వస్తున్నానని ఫోన్ చేసిన గురువారం పొద్దున దించి, మసి తుడిచి, మళ్లీ గోడకు ఆనించాను. అటక సంగతి చెప్పాల్సినంత విషయం అనిపించలేదు.

తడిసిన జుట్టు కూడా పిండుకోకుండా పిల్ల గిటారు దగ్గరికే పోయింది. ఒళ్లో పెట్టుకుని నొక్కింది. ముఖం మాడిపోయింది.

"నాయనమ్మా, తీగలు లేచినయ్."

"లేచుడేంది? అవేమన్న కోళ్లా, తెల్లారితే లేవనీకి?"

"నవ్వులాటగ ఉన్నదా నీకు? ఇటు రా, చూడు."

చూశాను. మెడ పొడుగునా వీణకున్నట్టు మెట్లున్నాయి, వాటి మీదుగా ఆరు తీగలు. మెడ మొదట్లో తీగలు చెక్కకు దగ్గరగానే ఉన్నాయి. నడుమకు వచ్చేసరికి తీగకూ చెక్కకూ మధ్య బియ్యపు గింజను నిలబెట్టేంత సందు. ఇదివరకు అంత లేదని నాకే తెలిసింది.

తీగ అంత ఎత్తున ఉంటే వేలు దాన్ని కిందిదాకా నొక్కాలి. సన్న ఇనుప తీగ. నొక్కిన కొద్దీ కోస్తుంది. అంత కోసినా స్వరం సరిగ్గా పలకదు, నొక్కుడుకు సాగి పక్కకు పోతుంది. పిల్ల అయినా ఆపలేదు. ఆదివారానికి పద్నాలుగు పాటలు చేతికి రావాలట. మధ్యాహ్నానికి ఎడమ చేతి రెండు వేళ్ల కొసలు చీలాయి. చీరపేలిక చుట్టుకుంది. పేలిక చుడితే తీగ తెలియదని విప్పేసింది. చెక్క మీద రక్తపు వేలిముద్రలు పడ్డాయి, పిల్ల లంగా కొసతో తుడుచుకుంటూ వాయించింది.

సాయంత్రం నా కొడుకు వచ్చాడు. గడపలో నిలబడి రెండు నిమిషాలు విన్నాడు. స్పీకరు డబ్బాలోంచి ఆ తప్పు స్వరాలు పిల్లి గొంతు పిసికినట్టు వస్తున్నాయి. వెనక నుంచి వచ్చి పిల్ల తల మీద ఒక్కటి వేశాడు. ఆమె నుదురు పోయి గిటారు కొసకు తగిలింది.

"తలకాయ పగుల్తున్నది. ఇదా నీ వాయించుడు? దీనికా వాళ్లు పిలిచేది?"

నేను బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

పిల్ల ఏడవలేదు. బయటికి పోయి మాస్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన గొంతు పెద్దది, వాకిట్లోంచి నాకు వినబడింది.

"వానల తడిపినవా?"

"లే సార్. నేను పోయేటప్పుడు గోడకే పెట్టి పోయిన."

"గోడకుంటే తీగలు లేస్తయా? అబద్ధం ఆడకు. ఆదివారం పొద్దుగాల బండేసుకుని వస్త. నేను ఎట్ల ఇచ్చిన్నో గట్ల ఉండాలె. లేకుంటే గిటారు బండ్ల పడేసుకుని, నిన్ను ఆన్నే ఇడిసి పోత."

అప్పుడైనా చెప్పాల్సింది. ఏరిన బియ్యం కడిగి ఎసట్లో పోశాను.

శుక్రవారం పొద్దున్నే పిల్ల తప్పు వెతకడానికి కూర్చుంది. గిటారు పొట్ట మీద, తీగలను మోసే ఆరు చిన్న ఇనుప దిమ్మలున్నాయి. ఒక్కో దిమ్మకు రెండు సన్న మరలు. చిన్న కీ పెట్టి వాటిని దించింది. దించితే తీగలు దిగుతాయనే ఎవరైనా అనుకుంటారు. దిగాయి, కానీ పొట్ట దిక్కు మెట్లకు తగిలి రేకు డబ్బాలా గరగరలాడాయి. నడుమ మాత్రం ఎత్తు అలాగే ఉంది.

"దిమ్మల తప్పు కాదు" అంది.

మెడ పైకొసన తీగలు కూర్చునే తెల్ల పట్టీని చూసింది. మూడో మెట్టు దగ్గర తీగను నొక్కిపట్టి, మొదటి మెట్టు మీద సందు చూసింది. వెంట్రుక మందం.

"ఈడ గూడ మంచిగనే ఉన్నది."

ఆఖరికి ఒక చేత్తో మొదటి మెట్టు, ఇంకో చేత్తో చివరి మెట్టు దగ్గర అదే తీగను నొక్కిపట్టి నన్ను పిలిచింది. "నాయనమ్మా, నడుమ అగ్గిపుల్ల పెట్టి చూడు." పెట్టాను. పుల్ల తగలకుండా దూరిపోయింది.

"అవ్, మెడనే వంగింది. ఈడ మాస్టర్ ఇచ్చిన విజిటింగ్ కార్డు మందం సందు ఉంటే చాలు. అగ్గిపుల్ల దూరుతున్నదంటే మస్తు వంగినట్టు." మెడ లోపల పొడుగునా ఇనుప కడ్డీ ఉంటుందట. దాని కొసన ఉన్న మరను బిగిస్తే మెడ వెనక్కి సాగుతుందట. దానికి పెద్ద కీ కావాలి. బండ్లు బాగుచేసే షాపులో అడుగుతానని పక్కింటివాళ్ల స్కూటీ తీసుకుని చండ్రుగొండ పోయింది.

పిల్ల అటు పోగానే నేను గిటారును ఒళ్లోకి తీసుకున్నాను. నా బుర్రలో ఉన్నది మంచం. నులక మంచం పడుకోగా పడుకోగా కుంగుతుంది. కుంగితే కాళ్ల దిక్కు తాడు విప్పి, కాలు పట్టెకు తన్నిపెట్టి, ఒక్కో వరుసా గుంజి బిగిస్తాం. అరచేతులు కమిలిపోవాలి. అప్పుడు మంచం చదునుగా డోలు తోలులా అవుతుంది. మా ఊళ్లో ఈ పని నాకన్నా బాగా చేసేవాళ్లు లేరు. తీగ లేచిందంటే వదులైందన్నమాట. వదులైతే బిగించాలి. ఇంతమాత్రానికి చండ్రుగొండ దాకా పోవాలా, పెట్రోలు దండగ అనుకున్నాను.

మెడ కొసన తీగలు చుట్టుకునే ఆరు చెవులున్నాయి. మంచం వరుసల్లాగే ఒక పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కో చుట్టు తిప్పాను. తీగలు కుయ్యోమన్నాయి. వంగి సందు చూశాను. తగ్గలేదు సరికదా, పెరిగింది. నా చెయ్యి చాలలేదేమోనని మళ్లీ మొదటి నుంచి తిప్పాను. ఇంకా పెరిగింది. నాకు కోపం వచ్చింది. బురదలో పడుకుని లేవనని మొండికేసిన పశువు మీద వచ్చే కోపం. పళ్లు బిగించి అన్నిటికన్నా సన్న తీగ చెవిని మెలిపెట్టాను.

ఫట్టున తెగింది. మొదట నొప్పి తెలియలేదు, చల్లగా అనిపించింది. కంటి కింది నుంచి దవడ దాకా ఒకటే గీత. రక్తం ఎర్ర గిటారు మీద పడితే నాకు కనబడలేదు, చీర మీద పడ్డాక కనబడింది. నలుగురు పిల్లల్ని కని ముగ్గుర్ని పూడ్చిన దాన్ని, మొగుడి చేతి బెత్తాన్ని విరగదన్నిన దాన్ని, సన్న తీగ దెబ్బకు గోడకు ఒరిగిపోయాను.

పిల్ల కీ తీసుకుని వచ్చేసరికి పైట కొంగు సగం తడిసింది.

"ఏమైంది నాయనమ్మా! నాయన కొట్టిండా?"

"మీ నాయన పనికి పోయిండు. నీ గిటారే కొట్టింది."

పసుపు అద్దుతూ అసలు సంగతి అడిగింది. నులక బిగించినట్టు బిగించానని చెప్పాను. పిల్ల పసుపు గిన్నె కింద పెట్టింది.

"విల్లు చూడలేదా నువ్వు? నారి గట్టిగ గుంజి కడితే విల్లు ఏమైతది?"

"వంగుద్ది."

"ఇదీ గంతే. తీగ గుంజితే మెడ వంగుద్ది. మెడ వంగితే తీగ లేస్తది. నువ్వు ఎంత బిగిస్తే గంత లేస్తది."

ఒక్క మాటతో అర్థమైంది. మా నాయన అడవి నుంచి రాగానే విల్లు నారి విప్పేసేవాడు, లేకపోతే వెదురు ఆ వంపులోనే ఉండిపోతుందని. మూడో తరగతిలో పంతులు పలకను నా నెత్తిన పగలగొట్టాడు, ఆ రోజుతో నా బడి అయిపోయింది. ఆయన ఇలా విల్లూ నారీ పెట్టి చెప్పి ఉంటే నాలుగు కూడా చదివేదాన్నేమో.

తెగిన సన్న తీగకు బదులు పిల్ల దగ్గర ఒక్కటే ఉంది. అది కూడా తెగితే మళ్లీ ఖమ్మం పోవాలి, మధ్యలో ఉన్నది శనివారం ఒక్కటే. జాగ్రత్తగా తీగలన్నీ వదులు చేసింది. కొసన కడ్డీ మరను కప్పిన చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంది. దాని మరలు విప్పి బిళ్ల ఎత్తింది.

లోపలి గుంట నిండా మసి. మసిలో ఎండిన ఇప్పపువ్వు తునక ఒకటి. పిల్ల దాన్ని గోటితో తీసి వాసన చూసింది. తల ఎత్తి అటక వంక చూసింది. తర్వాత నా వంక.

"ఎన్ని దినాలు పెట్టినవ్?"

"నేనేం పెట్టలే."

"నాయనమ్మా. ఎన్ని దినాలు?"

"తొమ్మిది."

పిల్ల చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. కోసుకుపోయిన చెంప వదిలి, బాగున్న చెంప మీద పడింది. చీలిన వేళ్లతోనే కొట్టింది, దాని రక్తం నా ముఖానికి అంటింది. మా అత్త పోయాక నన్ను కొట్టిన ఆడది అదొక్కతే.

నా చెయ్యి కూడా లేచింది. పాత అలవాటు. పిల్ల వెనక్కి జరగలేదు.

"కొట్టు. కానీ ఇది బాగుచేసుకున్నంక కొట్టు. అబద్ధం ఆడినవని ఆ మాస్టర్ నన్ను తిడ్తుంటే నువ్వు ఇంట్ల కూసోని ఇన్నవ్. నాయన కొడ్తుంటే బియ్యం ఏరినవ్. నేను తడిపిన్నేమో, నేనే ఏదో చేసిన్నేమో అని రాత్రంత సచ్చిన."

చెయ్యి దించేశాను. సెగ చూపించి వెదురు వంచడం తెలిసినదాన్నే, తీగలు గుంజుతున్న మెడకు తొమ్మిది రోజులు సెగ పెట్టాను. ఆ పూట వేరువేరుగా తిన్నాం. ఎవరి కంచం వాళ్లం కడుక్కున్నాం.

శనివారం పొద్దున పిల్లే వచ్చి, "పట్టుకో" అని గిటారు పొట్టను నా ఒళ్లో పెట్టింది. కీ పెట్టి తిప్పింది. మర కదల్లేదు. పొగకు, మసికి పట్టేసింది. పిల్ల మెడనరాలు ఉబ్బాయి.

"గట్టిగ తిప్పు! ఏం తిన్నవ్ పొద్దున?" అన్నాను.

"గట్టిగ తిప్పితే లోపల కడ్డీ తెగుద్ది. తెగిందంటే ఇంక బాగుచేసుడు ఉండదు. నేను సక్కగ బస్తాల కాడికే."

మా ఇంట్లో ఏదైనా కదలకపోతే తన్నడమే తెలుసు. తలుపు తన్నుతాం, మోటారు తన్నుతాం, మనిషిని తన్నుతాం. పిల్ల మాత్రం కుట్టుమిషను నూనె ఒక్క చుక్క ఆ మరలో వేసి, అన్నం ఎసరు పెట్టి, అది ఉడికిందాకా దాని జోలికి పోలేదు. నాకు ఒళ్లంతా మంట. అన్నం వార్చి వచ్చి, మరను ముందు వెనక్కి కొంచెం కదిపింది. టిక్కుమంది. ఇద్దరం వంగి చూశాం. తెగలేదు, వదిలింది. అప్పుడు ముందుకు తిప్పింది. పావు చుట్టు, అంతే. తిప్పి ఆగింది. చెక్క సర్దుకోవాలట.

"నువ్వు కట్టెల వంకర చూస్తవ్ గద. చూడు" అంది. నిన్నటి నుంచి నాతో మెత్తగా అన్న మొదటి మాట.

వెదురు ఎంచేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాను. తీగ కోసిన దిక్కు కన్ను వాచి సగం మూసుకునే ఉంది, ఆ పని సులువే అయింది.

"ఇంక ఉన్నది. ఏడో మెట్టు కాడ లోతు."

ఇంకో పావు. మళ్లీ ఆగడం. మళ్లీ చూడటం. మూడో పావు తిప్పాక, "చాలు, ఇంక తిప్పితే అటు వంగుద్ది" అన్నాను. పిల్ల ఆపేసింది. తీగలు ఇంకా వదులుగా వేలాడుతున్నాయి, సన్న తీగ ఇంకా ఎక్కించలేదు.

అప్పుడు వచ్చింది ట్రాక్టరు. నా కొడుకు ఇంత పొద్దుండగా ఎప్పుడూ రాడు.

"మేనేజర్ ఫోన్ జేసిండు. రేపే రమ్మంటున్నడు. బట్టలు సర్దు."

"రేపు నాకు ప్రోగ్రాం నాయనా. ఆదివారం దాక చూస్తనన్నవ్ గద."

"దేనితోని వాయిస్తవ్? ఈ కట్టెతోనా?" వేలాడే తీగలను చూశాడు. నా ముఖం చూశాడు. "ముసల్దాని మొఖం గూడ కోసింది. ఇది ఇంట్ల ఉండొద్దు."

స్పీకరు డబ్బాను తన్నాడు, అది బోర్లాపడింది. పిల్ల గిటారును గుండెకు హత్తుకుంది. వాడు ఆమె జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. మోచేతులు నేలకు గీసుకుపోయాయి, గిటారు మాత్రం వదల్లేదు. వాడు కట్టెమొద్దుకు కొట్టి ఉన్న గొడ్డలిని పీకాడు.

"ఇడువు. ఇడవకుంటే చెయ్యి మీద పడ్తది."

"పడనీ."

వాడు లేపాడు. కూతురి చెయ్యి మీద వేసేవాడో, ఊరికే బెదిరించాడో నేను ఆగి చూడలేదు. మూలకున్న రోకలి అందుకుని వాడి ముంజేతి మీద బలం కొద్దీ వేశాను. గొడ్డలి జారి మట్టిలో దిగబడింది. వాడు మోకాళ్ల మీద కూలి, చెయ్యి పొట్టలో పెట్టుకుని అరిచాడు. తోలు చీలి రక్తం వేళ్ల మీదుగా కారింది.

వాణ్ని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఎందుకు కొట్టానో ఒక్కసారీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"దాన్ని పాడుచేసింది నేను. అటక మీద పెట్టి ఎండబెట్టింది నేను. పిల్ల తప్పు లేదు. నరుకుతే నన్ను నరుకు."

"గింత వయసొచ్చినంక కొడుకును కొడ్తవానే అమ్మా?"

"అవ్. గింత వయసొచ్చినంక నువ్వు బిడ్డను కొడ్తలేవా?"

వాడు చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ఎముక విరగలేదు కానీ మణికట్టు దోసకాయలా ఉబ్బింది. ట్రాక్టరు ఎక్కబోయాడు, చెయ్యి స్టీరింగు పట్టలేదు. దిగి దాని చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

పిల్ల మోచేతులు కూడా కడుక్కోకుండా లోపలికి పోయి పని అందుకుంది. సన్న తీగ ఎక్కించింది. పిల్ల చెప్పకుండానే నేను పక్కకు పోయాను, అది తెగితే రెండో కన్ను పోతుందని. తెగలేదు. తీగలు శ్రుతి చేసింది. మొన్న దించిన దిమ్మలను మళ్లీ కొంచెం కొంచెం లేపింది, గరగర పోయేదాకా. మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కిపట్టింది. నేను నడుమ మాస్టర్ విజిటింగ్ కార్డు దూర్చాను. రాసుకుంటూ పోయింది. అగ్గిపుల్ల పెట్టాను. దూరలేదు.

స్పీకరు డబ్బా తన్ను తిన్నా బతికే ఉంది. పిల్ల వాయించింది. నాకు సంగీతం తెలియదు. ఎక్కడా కుయ్యోమనలేదు, అది తెలిసింది. వాకిట్లో నా కొడుకు తల ఎత్తి విని, మళ్లీ దించుకున్నాడు.

ఆదివారం పొద్దున మాస్టర్ వ్యాను వచ్చింది. జుట్టుకు నల్లరంగు, చేతికి పెద్ద గడియారం. బామ్మర్దిని వెంట తెచ్చుకున్నాడు, అతను ఒళ్లో వేరే గిటారు పెట్టుకుని వ్యాన్లో కూర్చుని ఉన్నాడు. ఆ గిటారును చూడగానే పిల్ల తన చేతిలోదాన్ని దగ్గరికి హత్తుకుంది. మాస్టర్ గిటారు అందుకుని మెడ మీద చెయ్యి రాశాడు.

"తీగలు మంచిగనే ఉన్నయ్ గదనే. మరి గురువారం ఏడ్చినవేంది?"

పిల్ల నోరు తెరిచేలోగా నేను చెప్పాను. "నేను పొయ్యి మీది అటక మీద పెట్టిన సార్. తొమ్మిది దినాలు. మెడ వంగింది. పిల్లకు తెల్వదు. అదే కూసోని బాగు చేసింది."

"అటక మీదనా?" ఆయన గిటారును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అందుకే ఎండుచేపల వాసన. నీకు చోటు లేకుంటే నీ నెత్తి మీద పెట్టుకోకపోయినవా ముసలమ్మా!" నా ముఖం, వాకిట్లో నా కొడుకు చెయ్యి, పిల్ల మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. "ఏందిది, ఇంట్ల యుద్ధం జరిగిందా?"

నా కొడుకు చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

"వాయించు" అన్నాడు పిల్లతో.

పిల్ల గడప మీద కూర్చుని వాయించింది. రెండు నిమిషాలు కాగానే వేళ్లు మళ్లీ చీలాయి. తీగల వెంట సన్నగా ఎరుపు పాకింది. ముఖం మాత్రం కదల్లేదు. వ్యాన్లోంచి బామ్మర్ది దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. పాట అయ్యాక గిటారు అడిగి తీసుకుని తానూ నాలుగు చోట్ల నొక్కి చూశాడు.

"బావా, నా గిటారు గూడ ఈ పిల్లతోని చూపిద్దాం. నాకు ఆరు నెలల సంది గరగరమంటున్నది."

"నువ్వు వాయిస్తవని తోలుకొస్తే ఈ పిల్లను రిపేర్లు అడుగుతున్నవా?" అని మాస్టర్ తిట్టి, పిల్ల వంక తిరిగాడు. "ఎక్కు జల్దీ. వేళ్లకు ప్లాస్టర్ దారిల తీసుకుందాం."

పిల్ల ఎక్కింది. నా కొడుకు లేచి రెండడుగులు వేశాడు. నేను రోకలి వంక చూడలేదు, వాడి వంక చూశాను. వాడు ఆగిపోయాడు. వ్యాను పోయింది.

పొద్దు గూకేముందు పిల్ల ఫోన్ చేసింది. వెనక పెళ్లి హోరు.

"అయిపోయింది నాయనమ్మా. పద్నాలుగు పాటలు. బుధవారం సత్తుపల్లి రమ్మన్నడు. ఇంక అన్నిటికీ నేనే అన్నడు."

"అన్నం తిన్నవా?"

"తిన్న." పక్కకు జరిగినట్టుంది, హోరు తగ్గింది. "చెంప ఎట్లున్నది?"

"ఏ చెంప?"

"రెండూ."

"ఉన్నయ్" అన్నాను.

నేను సున్నం, పసుపు కలిపి నా కొడుకు దగ్గరికి పోయాను. చెయ్యి లాక్కున్నాడు. మోకాలితో ఆ చెయ్యిని మంచం పట్టెకు అదిమిపెట్టి పట్టు వేశాను. అరిచాడు. అరవనిచ్చాను. అప్పుడే వాడి ఫోన్ మోగింది. తియ్యడానికి వాడికి చెయ్యి లేదు, నేను తీశాను. కోల్డ్ స్టోరేజీ మేనేజరు.

"ఏందమ్మా, పొద్దుటి నుంచి చూస్తున్న. పిల్ల రాలే."

"రాదు."

"రాకుంటె ఎట్ల? నీ కొడుకు మాట ఇచ్చిండు."

"వాని మాట వానిది. పిల్లకు పని దొరికింది."

"వానికి ఇయ్యి ఫోన్."

"వాని చెయ్యి బాగలేదు."

"ఏమైంది?"

"నేను కొట్టిన."

ఆయనే ఫోన్ పెట్టేశాడు.